గాయం మానింది, గుర్తు మిగిలింది



ఇటీవల ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత ఒక దంపతులు తమ కుమార్తెను వెంటబెట్టుకొని మద్రసాకు వచ్చారు. నాలుగు నెలల క్రితం ఆ అమ్మాయికి థైరాయిడ్ గడ్డ తొలగించే ఆపరేషన్ జరిగింది. అల్లాహ్ దయ వల్ల వ్యాధి నయమైంది. కాని మెడ మీద అడ్డంగా ఎర్రని, కాస్త ఉబ్బిన మచ్చ మిగిలిపోయింది. పెళ్ళి సంబంధాలు వస్తున్న రోజులు. తల్లి కంటతడి పెట్టుకొని, "మౌలానా సాబ్, ఈ మచ్చ పోవడానికి ఏదైనా దుఆ చెప్పండి. వచ్చేవాళ్ళకు కనిపించకుండా ఎలా దాచాలో తెలియడం లేదు" అన్నది. తండ్రి సందేహం వేరు: "మచ్చకు వైద్యం చేయిస్తే అల్లాహ్ సృష్టిని మార్చినట్లవుతుందేమో?" అమ్మాయి ఏమీ అనలేదు. దుపట్టాను మెడ చుట్టూ మరింత బిగించుకొని కూర్చున్నది.

ఇటువంటి ఇల్లు ఆ ఒక్కటే కాదు. సిజేరియన్ అయిన తల్లులు, కాలిన గాయాలు మానిన పిల్లలు, గుండె ఆపరేషన్ అయిన పెద్దలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అందుకే ఆనాటి సంభాషణను ఈ నెల మీ ముందుంచుతున్నాను.

ముందు తండ్రి సందేహం. ప్రవక్త సహచరుల్లో హజ్రత్ అర్ఫజా (రజి) అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్నారు. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. ఈ సంఘటన అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, పోయిన దానిని సరిచేసుకోవడానికి అనుమతి లభించింది. ఉన్న రూపంతో తృప్తి లేక అందం కోసం మార్చుకోవడం వేరు, గాయం వల్ల కలిగిన లోపాన్ని సరిచేసుకోవడం వేరు. మచ్చకు వైద్యం రెండవ కోవకు చెందుతుంది. అందులో సంకోచించవలసినది లేదు.

తరువాత తల్లితో అన్నాను: "సోదరీ, దుఆ తప్పక చేద్దాం. దుఆతో పాటు మందు వాడటం కూడా మన ధర్మం నేర్పినదే. అయితే ముందుగా కొంత ఓపిక కావాలి."

చర్మం తెగినచోట శరీరం కొత్త కణజాలం అల్లుతుంది. మొదటి వారాలలో ఆ పని త్వరత్వరగా జరుగుతుంది కనుక మచ్చ ఎర్రగా, గట్టిగా, ఎత్తుగా ఉంటుంది. ఆపైన శరీరమే దానిని మెల్లగా సరిదిద్దుకుంటుంది. ఇందుకు ఏడాది, ఒక్కొక్కసారి ఏడాదిన్నర పడుతుంది. నాలుగు నెలల మచ్చను చూసి జీవితమంతా ఇలాగే ఉంటుందని దిగులుపడటం, నాటిన నాలుగు నెలలకే మామిడి మొక్క కాయలేదని బాధపడటం వంటిది. అలాగని మచ్చ పూర్తిగా మాయమవుతుందని కూడా ఎవరూ మాట ఇవ్వలేరు. పలుచబడుతుంది, రంగు తగ్గుతుంది. అలా మాట ఇచ్చి నూనెలు అమ్మేవారిని నమ్మకండి.

మన వంతుగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కుట్లు తీసి, గాయం పూర్తిగా మూసుకున్న తరువాత, డాక్టరు అనుమతితో రోజుకు రెండు మూడు సార్లు వాజలీన్ వంటిది రాసి వేలితో మెత్తగా మర్దన చేయాలి. సిలికాన్ జెల్ గాని, సిలికాన్ షీటు గాని మచ్చను అణచడంలో ఉపయోగపడుతుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. షీటును రోజుకు 12 గంటలకు తక్కువ కాకుండా, కనీసం రెండు మూడు నెలలు ఉంచుకోవాలి. కొత్త మచ్చకు ఎండ తగిలితే నల్లబడుతుంది. కాబట్టి బయటికి వెళ్ళేటప్పుడు దానిని కప్పుకోవాలి, లేదా ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోవాలి.

చేయకూడనివీ ఉన్నాయి. పచ్చి గాయం మీద పసుపు, కాఫీ పొడి, బూడిద చల్లరాదు. ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) ముఖానికి గాయమైనప్పుడు హజ్రత్ ఫాతిమా (రజి) చాప కాల్చి ఆ బూడిద అద్దారు కదా అని ఒకరు నన్ను అడిగారు. నిజమే. నీటితో కడిగినా రక్తం ఆగనప్పుడు, ఆనాడు అందుబాటులో ఉన్న ఉపాయం అది. అందుబాటులో ఉన్న మేలైన వైద్యం చేయడమే అందులో మనకున్న పాఠం. శుభ్రంగా కుట్టిన గాయం మీద బూడిద చల్లితే ఇన్‌ఫెక్షన్ సోకవచ్చు, మచ్చ మరింత పెద్దది కావచ్చు.

పథ్యం సంగతి నా అనుభవంతో చెబుతాను. నాకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు బంధువులు "పప్పు తింటే చీము పడుతుంది" అని పప్పు, గుడ్డు, మాంసం అన్నీ మాన్పించారు. నేనూ చదువుకున్నవాణ్ణే అయినా ఎదురు చెప్పలేదు. పది రోజులకు చూపించుకోబోతే డాక్టరు మందలించారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయట. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల గాని పప్పు వల్ల కాదు. షుగరు వ్యాధి ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకోవాలి. పొగ తాగేవారు మానాలి. ఈ రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

ఇంతలో ఆ తల్లి సంచిలోంచి ఒక ట్యూబు తీసింది. పొరుగావిడ ఇచ్చిందట. దాని మీద స్టెరాయిడ్ పేరున్నది. డాక్టరు చెప్పకుండా ఇటువంటివి నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి కొత్త బాధ మొదలవుతుంది. దానిని పక్కన పెట్టించాను.

అప్పుడు అమ్మాయిని అడిగాను: "బేటీ, నీకేమనిపిస్తున్నది?" తల వంచుకొనే అన్నది: "రాత్రిళ్ళు బాగా దురద పెడుతుంది. గీత దాటి కూడా పెరుగుతున్నట్లున్నది." తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగు నెలలుగా ఆ మచ్చ ఎలా కనిపిస్తున్నదో అందరూ చూశారు. ఎలా ఉన్నదని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ మాట ముఖ్యమైనది. ఉబ్బిన మచ్చ గాయపు హద్దులోనే ఉంటే కాలక్రమంలో తగ్గవచ్చు. హద్దు దాటి పెరిగితే అది కీలాయిడ్ కావచ్చు. కుటుంబంలో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. చెవులు కుట్టించినచోట గడ్డలా పెరగడం మీరు చూసే ఉంటారు, అది ఇదే. దానిని ఊరికే కోసి తీసేస్తే మళ్ళీ, తరచు మరింత పెద్దదిగా వస్తుంది. చర్మవైద్యులు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి మచ్చలోకే సూదిమందు ఇచ్చి అణచుతారు. ఎంత తొందరగా చూపిస్తే అంత మేలు. మరునాడే చర్మవైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళమని చెప్పాను.

చివరిగా సంబంధం మాట. దాచి చేసిన పెళ్ళిలో మొదటి రోజునే అనుమానం అడుగుపెడుతుంది. ఆపరేషన్ జరిగిందని, మాత్ర వాడుతున్నదైతే ఆ సంగతి కూడా ముందుగానే చెప్పండి. ఉహుద్‌లో దైవప్రవక్త (స)ను కాపాడుతూ హజ్రత్ తల్హా (రజి) చెయ్యి చచ్చుబడింది. తరువాతివారు ఆ చేతిని గౌరవంతో చెప్పుకున్నారు. వ్యాధిని ఓర్చుకొని బతికి బయటపడిన అమ్మాయి మెడ మీది గీత కూడా సిగ్గుపడవలసిన గుర్తు కాదు. దానిని చూసి వెనుదిరిగే కుటుంబం ముందుగానే వెనుదిరగడం మేలే.

వెళ్ళేటప్పుడు అమ్మాయి దుపట్టా కొంచెం వదులు చేసుకున్నది. ఆమె కోసం దుఆ చేయండి. మీ ఇంట్లోనూ ఇటువంటి మచ్చతో ఎవరైనా మౌనంగా కూర్చున్నారేమో ఈ రాత్రి ఒకసారి అడిగి చూడండి.