బావిలో దూకేముందు ఆ పది దమ్ములు వద్దు

వేసవి వచ్చిందంటే కోస్గి పరిసరాల వ్యవసాయ బావుల్లో పిల్లల ఈతలు మొదలవుతాయి. గట్టుమీద పదిసార్లు గబగబా దమ్ము తీసి వదిలి దూకితే ఎక్కువసేపు మునగవచ్చని పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పుతారు. "మెదడుకు ఆక్సిజన్ బాగా అందుతుంది" అని చదువుకున్నవారు సైతం దీన్ని సమర్థించడం నాకు మింగుడుపడదు.

జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. ఆరోగ్యవంతుడి రక్తంలో ఆక్సిజన్ ముందే దాదాపు నిండుగా ఉంటుంది. పోయేది కార్బన్ డయాక్సైడ్, మన పాత పాఠ్యపుస్తకాల బొగ్గుపులుసు వాయువు. రక్తంలో సుమారు 40 మిల్లీమీటర్లుండే దాని పీడనం ఒక్కొక్క మిల్లీమీటరు తగ్గేకొద్దీ మెదడులోని నాళాలు ముడుచుకొని, అక్కడికి చేరే రక్తం 3 శాతం దాకా తగ్గుతుంది. గట్టుమీదే కళ్లు తిరిగేది అందుకే; అది బలం రావడం కాదు.

మామూలుగా మెదడుకు రక్తప్రవాహం తగ్గితే ఈ వాయువు అక్కడ పేరుకొని శ్వాసకేంద్రాన్ని తట్టిలేపుతుంది. ఒంట్లో దాని నిల్వనే తగ్గించుకొని దూకినవాడికి ఆ హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అడుగంటుతుంది. ఊపిరాడని బాధ తెలియకుండానే నీటిలో స్పృహ తప్పుతాడు. ఈత బాగా వచ్చినవాడికీ ఇదే గతి. ఊళ్లో మాత్రం దయ్యం కాలు పట్టి లాగిందంటారు!

తల్లిదండ్రులారా, ఆ పందేలు మాన్పించండి. ఈత వచ్చిన పెద్దవాడొకడు గట్టుమీద ఉండనిదే పిల్లలను బావిలోకి దింపకండి.