ఇంటిముచ్చటలు: అనూరుని సారథ్యము



గత మాసమున నొకనాటి సాయంకాలము నేను తులసికోట కడ దీపము పెట్టుచుండగా మా వీథి చివరి యింటి యిల్లాలు కూతురిని వెంటబెట్టుకొని వచ్చినది. ఆ బాలికకు పుట్టుకతోనే యొక కాలు సన్నము. చంకక్రింద కర్ర యూతగా నడచును. ఇంటరు పరీక్షలో మంచి మార్కులతో నుత్తీర్ణురాలైనది. ఇక చదువు మాన్పింతునా, డిగ్రీలో చేర్తునా యని మా వారి నడుగుటకై తల్లి వచ్చినది. వారింకను బడినుండి రాలేదు.

"అక్కా, కాలు సరిగా లేనిదానికి ఇంకను చదువెందుకని మా యత్త గొణుగుచున్నది. చదివినను కొలువెవ్వరిత్తురు?" అని యామె నన్నే యడిగినది. పిల్ల నోరు మెదపక నేలచూపులు చూచుచుండెను.

నాకు వెంటనే అనూరుడు జ్ఞప్తికి వచ్చెను. ఆదిపర్వమునందలి కథ మీలో పలువురెరిగినదే. కద్రువ కొడుకులు ముందుగా గ్రుడ్లనుండి వెలువడుట చూచి, యోర్వలేక, వినత తన గ్రుడ్లలో నొకదానిని తొందరపడి పగులగొట్టెను. తొడలు లేని బిడ్డ పుట్టెను. మనము సాధారణముగా నంతవరకే చెప్పుకొని అయ్యో యందుము. ఆ తొడలు లేనివాడే సూర్యుని రథమునకు సారథి యయ్యెను గదా! సారథికి కావలసినవి పగ్గములు పట్టు చేతులు, దారి నెరుగు బుద్ధి. వానికి లేనిదేమో సూర్యుడు లెక్కింపలేదు. (బిడ్డ లోపమునకు తల్లి తొందరయే కారణమని కథలో నున్నది. నేటి తల్లులెవ్వరును అట్టి మాటను నమ్మవలదు. తల్లిమీద నెపము మోపుట యేనాడైనను సులభమే.)

పురాణము చాలదందురేని మన కాలపు వార్తయే చెప్పెదను. మచిలీపట్టణము చేరువ సీతారామపురమను పల్లెలో నొక వ్యవసాయకుటుంబమున పుట్టినవాడు బొల్లా శ్రీకాంత్. పుట్టుకతోనే చూపు లేదు. పదవ తరగతి ముగిసిన పిమ్మట విజ్ఞానశాస్త్రము చదువగోరగా, పటములను గీతలను చూడలేనివానికి ఆ చదువు తగదని నిబంధన యడ్డువచ్చినది. ఆతడును, ఆతనికి చదువు చెప్పిన యుపాధ్యాయురాలును న్యాయస్థానము నాశ్రయించిరి. సుమారు ఆరు నెలలకు అనుకూలముగా తీర్పు వచ్చినది. పండ్రెండవ తరగతిలో నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. పిదప ఐ.ఐ.టి. శిక్షణాలయములు చేర్చుకొనలేదు; అమెరికాలోని ఎం.ఐ.టి. చేర్చుకొన్నది. పరదేశమునుండి వచ్చి యచ్చట చదివిన మొదటి యంధవిద్యార్థి యాతడే. 2012లో హైదరాబాదున బొల్లాంట్ ఇండస్ట్రీస్ నెలకొల్పి, వైకల్యము గలవారికి కొలువులిచ్చుచు వచ్చెను. 2024లో ఆతని కథ హిందీ చలనచిత్రముగా కూడ వచ్చినది.

నన్ను మిక్కిలి యాకర్షించినది అమెరికా కాదు, ఆ ఆరు నెలలు. తీర్పు వచ్చునో రాదో తెలియదు; ఈడు పిల్లలు తరగతులకు పోవుచుందురు. అట్టి దినములలో తోడు నిలిచిన యొక్క యుపాధ్యాయురాలు లేకున్న తక్కిన కథయే లేదు.

అయినను మా వీథి పిల్లకు చలనచిత్రమెక్కు కథ యక్కరలేదు. ఆమెకు వలసినది ఒక సీటు, క్రింది అంతస్తున నొక గది, తుదకొక జీతము. ఇందుకు చట్టము కలదు. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. వైకల్యము నూటికి 40 పాళ్లకు తక్కువ కాదని ధ్రువపత్రమున్నచో, ప్రభుత్వ, ప్రభుత్వసహాయము పొందు ఉన్నతవిద్యాలయములలో నూటికి 5 సీట్లకు తక్కువ గాకుండ వీరికి కేటాయింపవలెను. చేరుటకు వయోపరిమితిలో 5 ఏండ్ల సడలింపు కలదు. ప్రభుత్వోద్యోగములలో నూటికి 4. పూర్వచట్టములో నది 3 మాత్రమే. వ్రాయుట కష్టమైనవారికి పరీక్షలో లేఖకుని సాయము, గంటకు 20 నిమిషములకు తక్కువ గాని యదనపు కాలము లభించును. ఈ సంగతులు మగవారికే తెలిసి మనకు తెలియకపోవుట యేమి? కాగితములు పెట్టెలో భద్రపరచునది మనమే గదా! వైద్యపరీక్ష చేయించుకొని ధ్రువపత్రము పొందుట తొలి పని. "మా పిల్లకు వికలాంగురాలని ముద్ర యెందుకు, పెండ్లి చెడును" అని దానిని వాయిదా వేయు తల్లులను నేనెరుగుదును. కర్ర యందరికి కనబడుచుండగా కాగితము దాచి ఫలమేమి?

చెప్పుటకు సిగ్గగుచున్నను ఒకటి చెప్పవలెను. నాలుగేండ్ల క్రిందట మా వారి పూర్వశిష్యుడొకడు, కాళ్లలో పట్టు లేనివాడు, ఒకానొక కళాశాలలో చేరెను. తరగతి రెండవ అంతస్తున నుండెను, లిఫ్టు లేదు. స్నేహితులు మోసికొని పోవుచుండిరి. వారు రాని దినమున వాడు మెట్ల కడనే కూర్చుండి తిరిగి వచ్చువాడు. ఇతరులకు బరువగుట కోర్వలేక ఆరు నెలలకు మానివేసెను. ఆ తరగతిని క్రిందికి మార్చుడని యడిగిన మారియుండునేమో. ఖర్చు లేని పని. వాడడుగలేదు, వాని తండ్రి యడుగలేదు. మా యింటికి వచ్చి కూర్చుండి చెప్పినప్పుడు మేమును అయ్యో యని కాఫీ యిచ్చి పంపితిమి.

ఇంతలో మా వారు వచ్చిరి. సంగతి విని, "మన అచ్చంపేటలోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల యున్నది గదా, దూరమేల?" అనిరి. అప్పుడా పిల్ల తొలిసారిగా తలయెత్తి, "సారు, అక్కడ మెట్లెన్ని యున్నవి?" అని యడిగినది.

మా వారికి తెలియదు. ఎన్నో సారులు పోయివచ్చినవారే. మరునాడుదయము నేనును, ఆ తల్లియు, పిల్లయు కలసి లెక్కించి రావలెనని నిశ్చయించుకొంటిమి. పోవుచు ధ్రువపత్రమునకు వలసిన కాగితములను గూడ నామె కొంగున మూటగట్టుకొని వచ్చినది.