కిలోల లెక్కన సర్వో బేరం

రిమోట్ కారు ముందు చక్రాలు తిరగడం మానేశాయంటే చాలామంది చేసే పని ఒకటే, పాతదానికన్నా బలమైన స్టీరింగ్ సర్వో (చక్రాలను పక్కలకు తిప్పే మోటారు డబ్బా) కోసం వెతకడం. ఈ సంగతి అమ్మేవాళ్లకూ తెలుసు. అందుకే ఆన్‌లైన్ దుకాణాల్లో సర్వో బొమ్మ పక్కన అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కిలోల అంకె మెరుస్తుంటుంది. రెండు కిలోలు, పదకొండు కిలోలు, ఇరవై కిలోలు! అంకె పెరిగిన కొద్దీ సరుకు మెరుగన్నది కొనేవాడి నమ్మకం. 1/18, 1/16 సైజుల్లో వచ్చే, అర కిలో అటూఇటూ తూగే చిన్న కార్ల విషయంలో మాత్రం ఆ నమ్మకం డబ్బు దండగకే దారి తీస్తుందని నా వాదన. పాత సర్వో ఎందుకు పోయిందో ముందు తేల్చుకుని, కారు ఇవ్వగల కరెంటుకూ, సర్వోను చక్రాలకు కలిపే లింకులకూ, అది అమరే జాగాకూ సరిపోయేదాన్ని వెతకాలి. కిలోల అంకెను చివర్న చూసుకున్నా నష్టం లేదు.

అసలు ఆ అంకె ఏం చెబుతుందో చూద్దాం. సర్వో డబ్బాలో ఒక బుల్లి డీసీ మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే నాలుగైదు గేర్లు, ఇరుసు ఏ కోణంలో ఉందో కనిపెట్టే పొటెన్షియోమీటర్, ఒక సర్క్యూట్ బోర్డు ఉంటాయి. రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవర్ సెకనుకు సుమారు 50 సార్లు ఒక పల్స్ పంపుతుంది. ఆ పల్స్ నిడివి 1.5 మిల్లీసెకన్లయితే చక్రాలు తిన్నగా ఉంటాయి. నిడివి 1 వైపు తగ్గితే ఒక పక్కకు, 2 వైపు పెరిగితే రెండో పక్కకు తిరుగుతాయి. వచ్చిన ఆదేశాన్నీ పొటెన్షియోమీటర్ చెప్పే కోణాన్నీ పోల్చి చూసుకుని, తేడా పోయేదాకా బోర్డు మోటారును తిప్పుతుంది. రెండు కిలోల సర్వో అంటే, ఇరుసుకు ఒక సెంటీమీటరు దూరంలో రెండు కిలోల బరువు వేలాడదీస్తే అక్కడ మోటారు కదల్లేక నిలబడిపోతుందని అర్థం. అంటే డబ్బా మీద అచ్చువేసేది సర్వో చేతులెత్తేసే చోటును. కొనేవాళ్లేమో అది రోజూ హాయిగా మోయగల బరువనుకుంటారు. పైగా ఆ అంకెకు వోల్టేజీతో ముడి ఉంది. హై వోల్టేజ్ సర్వోల మీద వేసే ఘనమైన అంకె తరచూ 7.4 వోల్టుల దగ్గరో 8.4 వోల్టుల దగ్గరో వచ్చేది. అదే సర్వోను 5 వోల్టులిచ్చే కారులో పెడితే అందులో కొంత ఆవిరైపోతుంది.

ఇక కారుకు నిజంగా కావాల్సిందెంత? కారు బరువు 500 గ్రాములు, అందులో సగం ముందు చక్రాల మీద ఉందనుకుందాం. కారు నిలబడి ఉన్నప్పుడు సిమెంటు నేల మీద రబ్బరు టైరును తిప్పడమే స్టీరింగ్‌కు అన్నిటికన్నా కష్టమైన పని. రాపిడి ఆ బరువుకు సమానమనుకున్నా, టైరు ఆనే చోటుకూ చక్రం తిరిగే పిన్నుకూ మధ్య ఒక సెంటీమీటరు దూరం ఉందనుకున్నా, కావాల్సిన టార్క్, అంటే తిప్పే బలం, సర్వో లెక్కలో పావు కిలో. లింకుల్లో పోయేది, దుమ్ము, బిగుతు అన్నీ కలిపి దాన్ని రెట్టింపు చేసినా అర కిలో దాటదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల కోసం కొనే నీలిరంగు ఎస్‌జీ90 సర్వో తొమ్మిది గ్రాములే తూగుతుంది. దానికి తయారీదారు చెప్పుకునే అంకె 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలోలు. నకిలీ సరుకై అందులో సగమే ఇచ్చినా చక్రం తిరుగుతుంది. కారు పరుగులో ఉంటే ఇంకా తేలిక.

మరి బలం చాలకపోవడం కారణం కాకపోతే సర్వోలు ఎందుకు పోతున్నాయి? దెబ్బ వల్ల. అర కిలో కారు సెకనుకు 8 మీటర్ల వేగంతో, అంటే గంటకు 29 కిలోమీటర్లకు కాస్త తక్కువగా వెళ్తోందనుకోండి. ఈ తరగతి కార్లకు అదేమీ పెద్ద వేగం కాదు. అప్పుడు దానిలో ఉండే శక్తి 16 జౌళ్లు. మెట్టుకు గుద్దుకుని ఐదు సెంటీమీటర్లలో ఆగిపోతే సగటున 320 న్యూటన్ల బలం పడుతుంది, ముప్పై రెండు కిలోల బరువు వేసినంత. అందులో సగం ఒక ముందు చక్రం మీదే పడి, ఆ చక్రం పిన్నుకు రెండు సెంటీమీటర్లు ఎడంగా ఉంటే, స్టీరింగ్ లింకును వెనక్కి తోసే టార్క్ ముప్పై కిలోలు దాటుతుంది. రెండు కిలోల సర్వో దీనికి ఆగదు, పదకొండు కిలోలదీ ఆగదు. అలాగని ముప్పై అయిదు కిలోల సర్వో తెచ్చి పెడితే దెబ్బ ఎటూ పోదు. లింకు రాడ్డు వంగుతుంది, లేదా చక్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ నకిల్ విరుగుతుంది. రోగం ఒకటి, మందు ఒకటి అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ దెబ్బకు మందు కారులోనే ఉంది, దాని పేరు సర్వో సేవర్. సర్వోకూ లింకుకూ మధ్య స్ప్రింగుతో బిగించిన రెండు ముక్కల అమరిక అది. చక్రం గుద్దుకున్నప్పుడు స్ప్రింగు విచ్చుకుని, సర్వో గేర్ల మీదికి దెబ్బ పోకుండా చూస్తుంది. కొత్త సర్వోతో పాటు ఇరుసుకు తగిలించే మెరిసే అల్యూమినియం చెయ్యి (హార్న్) వస్తే, సేవర్ తీసి పక్కన పడేసి దాన్నే నేరుగా బిగించేవాళ్లు బోలెడుమంది. స్టీరింగ్ బిగువుగా, చురుగ్గా ఉన్నట్టనిపిస్తుంది, మొదటి గోడ తగిలేదాకా. పోయిన సర్వోను పారేసేముందు దాని అడుగున ఉన్న సన్నటి స్క్రూలు విప్పి పై మూత ఎత్తి చూస్తే కథంతా బయటపడుతుంది. గ్రీజు పూసిన తెల్లటి నైలాన్ గేర్లలో ఏదో ఒకదానికి రెండు మూడు పళ్లు చెక్కినట్టు ఊడి ఉంటే, అది దెబ్బ తిన్న సర్వో. అప్పుడు చూడాల్సింది సేవర్ స్ప్రింగును. గేర్లు బాగుండి, ఇరుసు మాత్రం మధ్యలో నిలవక వణుకుతుంటే పొటెన్షియోమీటర్ అరిగిందనో దుమ్ము పట్టిందనో అనుమానించాలి. మోటారు కాలిన వాసన వస్తే సాధారణంగా అది చక్రాలు చివరిదాకా తిరిగి అడ్డు తగిలాక కూడా సర్వో ఇంకా నెడుతూనే ఉండటం వల్ల. ఆ చివరి కోణాన్ని ట్రాన్స్‌మిటర్‌లో తగ్గించుకోకపోతే కొత్త సర్వో గతీ అంతే.

మెటల్ గేర్లు మేలు కదా అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఎస్‌జీ90 సైజులోనే వచ్చే ఎంజీ90ఎస్‌కు మెటల్ గేర్లుంటాయి, బరువు పదమూడు గ్రాముల పైచిలుకు. కాస్త బరువైన చిన్న కారుకు, సేవర్ సరిగ్గా పనిచేస్తున్నంతకాలం, అది సబబైన ఎంపికే. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. చవక కారులో నైలాన్ గేరు చేసేది ఇంట్లో ఫ్యూజు చేసే పనే. అది తెగిపోయి మిగతావాటిని కాపాడుతుంది. ఫ్యూజు స్థానంలో మందపాటి రాగి తీగ చుట్టినట్టు మెటల్ గేర్లు పెడితే, తర్వాత తెగే వస్తువు సర్వో కన్నా ఖరీదైనదీ దొరకనిదీ కావచ్చు.

పెద్ద సర్వోతో మరో చిక్కు వేగం. ఎంజీ996ఆర్ అనే సర్వో ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతుంది. బరువు 55 గ్రాములు, 4.8 వోల్టుల దగ్గర 9.4 కిలోలు, 6 వోల్టుల దగ్గర 11 కిలోలు. చిన్న కారు ఛాసిస్ కోసి మరీ దాన్ని ఇరికించేవాళ్లున్నారు. కానీ 4.8 వోల్టుల దగ్గర అది 60 డిగ్రీలు తిరగడానికి 0.17 సెకన్లు తీసుకుంటే, ఎస్‌జీ90కి చాలేది 0.1 సెకను. స్టీరింగ్ పనిలో ముప్పై డిగ్రీలు తిరిగితే చాలనుకుందాం. సెకనుకు 8 మీటర్లతో పోయే కారు ఆలోపు చిన్న సర్వోతో 40 సెంటీమీటర్లు ముందుకెళ్తే, పెద్దదానితో 68 సెంటీమీటర్లు వెళ్తుంది. మలుపు తప్పడానికి ఆ జానెడు చాలు. కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. ఆ పెద్ద సర్వో 6 వోల్టుల దగ్గర కదల్లేక ఆగితే రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. రిసీవర్‌కూ సర్వోకూ వోల్టేజీ తగ్గించి ఇచ్చే బీఈసీ అనే సర్క్యూట్ చవక కార్లలో ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లు ఇవ్వడమే గొప్ప. అంతకు మించి లాగితే వోల్టేజీ కుంగి, రిసీవర్ ఒక క్షణం ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఆ క్షణంలో కారు ఎవరి మాటా వినదు.

ఇవన్నీ దాటినా, తీగల దగ్గర ఆగిపోయే కొనుగోళ్లు చాలా ఉన్నాయి. మామూలు సర్వోకు మూడు తీగలు. కానీ డబ్ల్యూఎల్ టాయ్స్ వారి ఏ959 వంటి 1/18 కార్ల సర్వోకు ఐదు తీగలుంటాయి. వాటిలో సర్వోను నడిపే బోర్డు సర్వోలో ఉండదు, రిసీవర్ బోర్డులోనే ఉంటుంది. రెండు తీగలు మోటారుకు, మూడు పొటెన్షియోమీటర్‌కు. అలాంటి కారుకు ప్రపంచంలోకెల్లా మేలైన మూడు తీగల సర్వో తెచ్చినా, రిసీవర్‌నూ మోటారు కంట్రోలర్‌నూ మార్చకుండా అది పనిచేయదు. సేవర్ కూర్చునే ఇరుసు చుట్టూ ఉండే పళ్ల సంఖ్య కూడా అలాంటిదే. స్టాండర్డ్ సైజు సర్వోల్లో అది కంపెనీని బట్టి మారుతుంది: ఫుటాబా పద్ధతికి 25, హైటెక్‌కు 24, జేఆర్‌కు 23. ఒక్క పన్ను తేడా వచ్చినా పాత సేవర్ కొత్త సర్వో మీద కూర్చోదు.

వంద రూపాయల అటూఇటూ దొరికే వస్తువుకు ఇంత లెక్క ఎందుకు, రెండు కొనిపెట్టుకుంటే పోలేదా అనేవాళ్లకు నా జవాబు: సరిపోయేదైతే తప్పకుండా రెండు కొనండి, అంతకన్నా తెలివైన పని లేదు. నేను వద్దంటున్నది సరిపోనిదానికి ఐదారు రెట్లు పెట్టడం. ఇరవై కిలోల సర్వోలు వాడే అభిరుచిపరులు లేరా అంటే, ఉన్నారు, వాళ్ల అవసరం నిజమైనదే. రాళ్లెక్కే 1/10 క్రాలర్ కార్ల ముందు చక్రం రెండు బండల మధ్య ఇరుక్కున్నప్పుడు దాన్ని తిప్పడానికి అంత బలం కావాల్సిందే. ఆ కార్లు కిలోల్లో తూగుతాయి, నెమ్మదిగా పాకుతాయి, తరచూ సర్వో కోసమే విడిగా బీఈసీ పెట్టుకుంటాయి. వాళ్ల సలహాను అర కిలో కారుకు అతికించడంలోనే ఉంది ఇబ్బంది.

తప్పంతా కొనేవాడిదే అనడం అన్యాయం. నిబంధనలూ అతనికి తోడు రావడం లేదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరైంది. అది భద్రతకు భరోసా, మరమ్మతుకు కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ కోసం కమిటీ వేసినప్పుడు తీసుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. రిమోట్ కార్లు అందులో లేవు. వాటి మాన్యువళ్లలో చాలావరకు ‘స్టీరింగ్ సర్వో’ అనే మాటా, దాని ఎదురుగా కంపెనీ సొంత కోడ్ నంబరూ తప్ప ఏమీ కనిపించదు. ఆ మోడల్ ఆగిపోయాక ఆ కోడ్‌తో ఏ దుకాణంలోనూ పని జరగదు. కోడ్ పక్కన తీగలెన్నో, ఇరుసుకు పళ్లెన్నో, ఎన్ని వోల్టులో, బీఈసీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో, స్క్రూ చెవుల మధ్య ఎన్ని మిల్లీమీటర్లో అచ్చువేస్తే, ఇంకో కంపెనీ సర్వోను కూడా కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. ఇవన్నీ ఫ్యాక్టరీకి తెలిసిన అంకెలే. సర్వో అమ్మేవాళ్లు కూడా కిలోల పక్కన ఏ వోల్టేజీ దగ్గరో, ఆగినప్పుడు ఎంత కరెంటు లాగుతుందో అదే సైజు అక్షరాల్లో వేస్తే సరిపోతుంది.