అవున్రా, రేపు మంగళవారం

పోయిన నెల ఒక సోమవారం రాత్రి పడుకునే ముందు రీల్స్ చూస్తుంటే ఒకటి తగిలింది. మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటుంది. ఇంట్లో మొదట పుట్టినవాళ్లకి బాధ్యత ఎక్కువట. మధ్యలోవాళ్లు అందరికీ సర్దిచెబుతారట. ఆఖరివాళ్లు సరదా మనుషులట, ఏదీ మనసుకి పట్టించుకోరట. వెనకాల మ్యూజిక్, పైన ‘సైకాలజీ ఫ్యాక్ట్స్’ అని ముద్ర. మా ఇంట్లో ఇద్దరమే, అక్క, నేను. ‘నూటికి నూరు శాతం మనమే’ అని రాసి, నాలుగు నవ్వు ఎమోజీలు పెట్టి ఫ్యామిలీ గ్రూపులో పడేశాను.

బావ నవ్వాడు. పిన్ని కూతురు ‘నేను మధ్యదాన్ని, అందుకే నా పుట్టినరోజు ఎవరికీ గుర్తుండదు’ అంది. పదకొండు దాటాక అక్క రిప్లై వచ్చింది: ‘అవున్రా. రేపు మంగళవారం.’

మంగళవారం, శుక్రవారం నాన్నకి డయాలసిస్. రెండేళ్లుగా నడుస్తోంది. పొద్దున్నే అక్క పిల్లల టిఫిన్ బాక్సులు కట్టేసి, గుంటూరులో రెండు వీధులవతల ఉన్న నాన్న దగ్గరికెళ్లి, ఆటో ఎక్కించి తీసుకెళ్తుంది. ముందు బరువు చూస్తారు, బీపీ చూస్తారు, సూదులు గుచ్చుతారు. నాలుగు గంటలు మెషీన్. బయట ప్లాస్టిక్ కుర్చీలో అక్క. అయ్యాక మళ్లీ బరువు. రోజుకి నాన్న ఎన్ని నీళ్లు తాగొచ్చో కొలిచి సీసాలో పోసిపెట్టేదీ అక్కే. కొబ్బరినీళ్లు అడిగితే వద్దని తిట్లు తినేదీ అక్కే.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. డబ్బు పంపుతాను. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి వెళ్తాను. వెళ్లినప్పుడు నాన్నని బాగా నవ్విస్తాను. ‘చిన్నోడొస్తే ఇల్లు కళకళలాడుద్ది’ అంటుంది అమ్మ. ఆ మాట వినడం నాకు చాలా ఇష్టం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రీల్‌లో చెప్పింది ఎంతవరకు నిజమో చూద్దామని కూర్చున్నాను. అది నిజమే అయ్యుండాలనే కోరుకున్నానని కూడా ఒప్పుకుంటాను.

పుట్టిన వరసకీ స్వభావానికీ ముడిపెట్టి బాగా ప్రచారం చేసినవాడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్. 1870లో వియన్నా దగ్గర పుట్టిన డాక్టర్. ఆయనే రెండోవాడు, అన్నగారి పేరు సిగ్మండ్. రెండో బిడ్డ రాగానే మొదటి బిడ్డ సింహాసనం దిగిపోయిన రాజులా అవుతాడనీ, ఆఖరి బిడ్డని గారం చెడగొట్టే ప్రమాదం ఉందనీ ఆడ్లర్ చెప్పాడు. అయితే రీల్స్ వదిలేసిన ముక్క ఇంకొకటుంది. నంబర్ ఒక్కటే అంతా నిర్ణయించదనీ, ఆ స్థానాన్ని ఆ బిడ్డ ఎలా అర్థం చేసుకున్నాడనేదే అసలు సంగతనీ కూడా ఆయనే అన్నాడు. తర్వాత అమెరికాలో కెవిన్ లీమన్ అనే క్రైస్తవ సైకాలజిస్ట్ 1985లో ఇదే విషయం మీద పుస్తకం రాశాడు. ఆయన ముగ్గురిలో ఆఖరివాడు. అందరూ ఎవరి కుర్చీలోంచి వాళ్లు చూస్తున్నారు కదా అనిపించింది.

తర్వాత లెక్కలు తీసినవాళ్లొచ్చారు. 2015లో రెండు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. ఒకటి అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా మనుషుల మీద. ఇంకోటి అమెరికాలో 3,77,000 మంది హైస్కూల్ పిల్లల మీద. తెలివితేటల పరీక్షల్లో పెద్దవాళ్లకి ఒకటీ అరా పాయింట్లు ఎక్కువొచ్చాయి. స్వభావం విషయానికొస్తే, మొదటిదాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండోదాంట్లో ఉన్నా లేనట్టే. ఈమధ్య కొద్దిపాటి తేడాలు చూపిస్తున్న పరిశోధకులూ ఉన్నారు. అయినా ‘ఆఖరివాడు, అందుకే ఇలా’ అని ఒక మనిషి మీద స్టాంపు వేసేంత బలం ఎక్కడా దొరకలేదు.

మరి ప్రతి ఇంట్లోనూ పెద్దపిల్లే బాధ్యతగా కనబడుతుందెందుకు? దీనికి చాలా మామూలు జవాబొకటుంది. పెద్దపిల్ల ఎప్పుడూ వయసులో పెద్దదే కాబట్టి. పన్నెండేళ్ల అక్కని ఎనిమిదేళ్ల తమ్ముడి పక్కన నిలబెడితే ఆమే నెమ్మదిగా, ఓపిగ్గా కనిపిస్తుంది. అక్క పన్నెండేళ్లప్పుడు ఎలా ఉందో తమ్ముడు పన్నెండేళ్లకి ఎలా ఉన్నాడో ఎవరూ పోల్చి చూడరు. ఈలోపు పేర్లు పడిపోతాయి. మా ఇంట్లో పాల ప్యాకెట్‌కి అక్కే వెళ్లేది. వాన కురుస్తున్నా అక్కే. నాకు తొమ్మిదేళ్లొచ్చాక కూడా అమ్మ ముద్దలు కలిపి పెట్టేది. అది నా తప్పు కాదు. తొమ్మిదేళ్లవాడు ఏం చేస్తాడు? కానీ ఇప్పుడు నాకు ముప్పై ఒకటి.

నేను ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకి కథలు చెబుతాను. ‘దేవుడిది ఎప్పుడూ చిన్నోళ్ల పార్టీరా’ అని వాళ్లని నవ్విస్తుంటాను. తమాషాకి అన్నా, ఆధారాలు లేకపోలేదు. ధర్మశాస్త్రం ప్రకారం పెద్దకొడుక్కి రెట్టింపు వాటా. అలాంటి కాలంలో కయీను కంటే హేబెలు అర్పణ అంగీకారమైంది. ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని ఒక పూట చిక్కుడుకాయల కూరకి అమ్ముకున్నాడు. ముసలి యాకోబు మనవళ్లని దీవించేటప్పుడు కావాలనే చేతులు అడ్డంగా మార్చి, చిన్నవాడి తల మీద కుడిచెయ్యి పెట్టాడు. యెష్షయి కొడుకుల్లో ఏడుగురిని దాటించి, గొర్రెల దగ్గరున్న ఎనిమిదోవాడు దావీదుని పిలిపించారు. ఇవన్నీ ఆఖరివాళ్లకి భలే ఊరటగా ఉంటాయి. ఆ ఊరటని నేను బాధ్యత నుంచి మినహాయింపు అని చదువుకున్నానని ఆ రాత్రి దాకా తెలీలేదు.

ఆ రాత్రి యోసేపు కథ మళ్లీ తీశాను. సాధారణంగా మనం యోసేపునే చూస్తాం, రంగురంగుల అంగీ, గొయ్యి, ఐగుప్తు. ఈసారి నా కళ్లు అన్నల మీద పడ్డాయి. పెద్దవాడు రూబేను. తమ్ముణ్ణి చంపొద్దన్నాడు, గోతిలో వేయమన్నాడు, తర్వాత వచ్చి తీద్దామనుకున్నాడు. మంచి ఉద్దేశమే. తిరిగొచ్చేసరికి గొయ్యి ఖాళీ. నాలుగోవాడు యూదా. అమ్మేద్దామని సలహా ఇచ్చింది అతనే. ఇరవై వెండి నాణేలు.

ఏళ్లు గడిచాయి, కరువొచ్చింది. ధాన్యం కావాలంటే చిన్నవాడు బెన్యామీనుని తీసుకురావాలని ఐగుప్తులో షరతు పెట్టారు. తండ్రి పంపనన్నాడు. అప్పుడు రూబేను ఏమన్నాడో చూడండి. వీణ్ణి తిరిగి తీసుకురాకపోతే నా ఇద్దరు కొడుకుల్ని చంపెయ్ అన్నాడు. బాధ్యత తనది, ప్రాణాలు పిల్లలవి! ముసలాయన ఒప్పుకోలేదు, ఎవరొప్పుకుంటారు? ధాన్యం అయిపోయాక యూదా ముందుకొచ్చాడు. వాడికి నేను పూచీ, లెక్క నన్నే అడుగు, తేకపోతే ఆ నింద జీవితాంతం నా మీదే ఉంటుంది అన్నాడు. అక్కడితో ఆగలేదు. బెన్యామీను సంచిలో గిన్నె దొరికినప్పుడు, వాడి బదులు నన్ను బానిసగా ఉంచుకోమని నిలబడ్డాడు.

నాలుగోవాడు. పూచీ ఉండాలని ఎవరూ అడగలేదు. గతం చూస్తే అడగదగ్గ మనిషి కూడా కాదు. సండే స్కూల్లో ఈ కథ కనీసం పదిసార్లు చెప్పుంటాను. రూబేను, యూదా మాటల మధ్య తేడా ఒక్కసారీ చెప్పలేదు. నేను పంపే డబ్బు గుర్తొచ్చింది. తప్పు పట్టడానికి లేదు, మందులకి అది కావాలి. కానీ నేను డబ్బు పంపుతున్నాను, వారానికి రెండు పొద్దుటిపూటలు ఇస్తున్నది మాత్రం అక్క.

బుధవారం ఫోన్ చేశాను. ‘అక్కా, శుక్రవారాలు నేనొస్తా’ అన్నాను. మా ఆఫీసులో శుక్రవారం ఇంటి నుంచే పని. గురువారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గుంటూరు. నిజానికి రెండేళ్లుగా శుక్రవారం ఇంటి నుంచే పని చేస్తున్నాను. బస్సెక్కొచ్చన్న సంగతి ఆ వారమే తట్టిందంటే, అలా తట్టకుండా ఉండటంలో ఎంత హాయి ఉందో చూడండి.

అక్క వెంటనే సంతోషిస్తుందనుకున్నాను. ‘నీకు ఫైల్ ఎక్కడుంటుందో కూడా తెలీదు’ అంది.

‘చెప్పు, తెలుసుకుంటా.’

‘చెప్పేకంటే నేను చేసుకోవడమే తేలిక్రా.’

నేనేం మాట్లాడలేదు. కాసేపటికి ఆమే అంది. ‘నువ్వు పండక్కొచ్చి నాన్నని నవ్విస్తుంటే నాకు వంటింట్లో ఒళ్లు మండేది. నేను రోజూ మాత్రలు మింగించేదాన్ని, నువ్వేమో హీరో. ఒక్కసారి కూడా నువ్వు రా అని అనలేదు చూడు. అంటే నువ్వు రావేమోనని కాదు. వస్తావేమోనని.’

తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు గుర్తొచ్చాడు. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నాకో మేకపిల్ల కూడా ఇవ్వలేదని విందు బయటే నిలబడిపోయినవాడు. తండ్రి అతని కోసం కూడా బయటికొచ్చి బతిమాలాడు. అతను లోపలికెళ్లాడో లేదో యేసు చెప్పలేదు, కథని అక్కడే వదిలేశాడు. చిన్నవాడు బయటికి పోయి తప్పిపోయాడు, పెద్దవాడు పొలంలోనే ఉండి. ఇంట్లో పెద్దవాళ్లై పుట్టి ఇది చదువుతున్నవాళ్లు నా మీద కోప్పడకండి, ఈ మాట నేను మా అక్కతో అనలేదు. అనే అర్హత ఇంకా రాలేదు. ‘మొదటివారం తప్పులు చేస్తా, తిట్టు’ అన్నాను. ‘తిడతా’ అంది.

మొన్న శుక్రవారం వెళ్లాను. ఆటోలో నాన్న రెండుసార్లు అడిగారు, ‘అక్కకేమైంది?’ అని. ఏం కాలేదంటే నమ్మలేదు. ఫైల్ తీస్తే మొదటి పేజీ నుంచీ అక్క చేతిరాతే. తేదీ, ముందు బరువు, తర్వాత బరువు, బీపీ. ఒకచోట కాఫీ మరక. ‘వెంట వచ్చేవారు’ అన్నచోట ఆమె పేరూ నంబరూ.

నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ‘మీరెవరు?’

‘కొడుకుని.’

‘ఆవిడకి తమ్ముడున్నాడా?’ అంది. వెటకారమేం లేదు, నిజంగానే తెలీదు. తర్వాత ‘పోయినసారి ఇంటికెళ్లేటప్పుడు బరువెంత?’ అని అడిగింది. మంగళవారం పేజీ కోసం కంగారుగా తిరగేస్తుంటే కాగితాలు కింద పడ్డాయి. ఏరుకుంటూ అక్కకి ఫోన్ చేశాను.

నేనింకా ఏమీ అడగకముందే ‘59 కిలోల 400’ అంది.