ఇంటివాళ్ళు వస్తే ఎక్కడ దించుదాం?

ఏప్రిల్ వచ్చిందంటే సింగపూర్‌లో ఉన్న మనవాళ్ళ ఫోన్లలో ఒకటే మాట. "పిల్లలకి సెలవులిచ్చేస్తున్నారు, ఈసారైనా తీసుకెళ్తావా లేదా?" అని. వీసా, టికెట్ల సంగతి ఎవరో ఒక ఏజెంటు చూసిపెడతాడు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వచ్చినవాళ్ళని ఎక్కడ దించాలి? డార్మిటరీలో ఉంచడానికి వీల్లేదు. నలుగురు కలిసి ఉంటున్న గదిలోకి భార్యాపిల్లల్ని తీసుకురాలేం. అక్కడి నుంచి తలో సలహా. సెంతోసాలో బీచ్ హోటల్ తియ్యమని ఒకరు, లిటిల్ ఇండియాలో చవగ్గా సర్దెయ్యమని ఇంకొకరు, తెలిసినవాళ్ళ ఫ్లాట్లో గది ఉందని మరొకరు.

ఈ విషయం పేపర్లో రాయాల్సినంత పెద్దదా అనిపించవచ్చు. నా లెక్కలో పెద్దదే. ఎందుకో చెబుతాను.

ఇక్కడ కుటుంబాన్ని దగ్గర పెట్టుకోవాలంటే ఎస్ పాస్, ఎంప్లాయ్‌మెంట్ పాస్ వాళ్ళకైనా నెలకు కనీసం 6,000 డాలర్ల స్థిర జీతం ఉండాలి. అప్పుడే డిపెండెంట్ పాస్. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి ఆ దారే లేదు. నిర్మాణ రంగంలో ఉన్న మనవాళ్ళలో ఎక్కువమంది ఈ గీతకి కిందే ఉన్నాం. డిప్లొమా చేసి సూపర్‌వైజర్లుగా ఉన్న నాలాంటివాళ్ళం కూడా అంతే. కనుక మనవాళ్ళు వచ్చేది విజిట్ పాస్ మీద. సాధారణంగా 30 రోజుల వరకు ఇస్తారు. మనకు ఉండే లీవు చూద్దామా? ఇక్కడి ఉద్యోగ చట్టం ప్రకారం మొదటి ఏడాది కనీసం 7 రోజులు, తర్వాత ఏటా ఒక్కో రోజు పెరుగుతూ 14 రోజుల దగ్గర ఆగుతుంది. అందులో ఇండియా వెళ్ళడానికి దాచుకున్నవి పోగా మిగిలేవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అంటే మన పిల్లలు ఏడాదికో, రెండేళ్ళకో నాన్నతో గడిపే రోజులు నాలుగైదు. ఆ నాలుగైదు రోజులు ఎలా గడుస్తాయన్నది మనం తీసుకునే గది మీద సగం ఆధారపడి ఉంటుంది.

ముందు మూడు సలహాలనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫ్లాట్లో గది

మనవాళ్ళు ఎక్కువగా పోయే దారి ఇదే. "పది రోజులకి గది ఇస్తారు, వంట చేసుకోవచ్చు, హోటల్లో సగం కూడా పడదు" అంటారు. ఇది చట్టానికి విరుద్ధం. హెచ్‌డీబీ ఫ్లాట్లలో అద్దె కనీసం 6 నెలలకు ఉండాలి. ప్రైవేటు కాండోల్లో అయినా వరసగా 3 నెలలకు తక్కువ ఇవ్వకూడదు. టూరిస్టులకు రోజుల లెక్కన ఇవ్వడం రెండుచోట్లా కుదరదు. మా సైట్లో పనిచేసే ఒక తమ్ముడు కిందటేడు ఇలాగే ముందే డబ్బు మొత్తం కట్టి గది తీసుకున్నాడు. మూడో రోజు రాత్రి "తనిఖీకి వస్తున్నారంట, వెంటనే ఖాళీ చెయ్యండి" అన్నారు. సామాన్లు, ఇద్దరు పిల్లలతో రాత్రి పదకొండింటికి రోడ్డు మీద నిలబడ్డారు. రసీదు లేదు. డబ్బు తిరిగి రాలేదు. ఎవరికి ఫిర్యాదు చేస్తాం? చవగ్గా వచ్చిందనుకున్న గదే అందరికన్నా ఎక్కువ ఖరీదైంది.

సెంతోసా

ఫోటోలకి బాగుంటుంది. సిలోసో, పలావాన్, తంజోంగ్ బీచ్‌లు మూడూ శుభ్రంగా ఉంటాయి. కానీ అక్కడ గదికి పెట్టే డబ్బు ఎందుకో ఆలోచించండి. బీచ్‌లు మూడూ ఉచితమే. వివోసిటీ దగ్గర సెంతోసా ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే లోపలికి పోవడానికి 4 డాలర్లు. నడకదారిలో నడిచిపోతే అదీ అక్కర్లేదు. లోపల తిరిగే బస్సులకు, బీచ్ ట్రామ్‌కు టికెట్ లేదు. పొద్దున్నే వెళ్ళి చీకటిపడ్డాక వస్తే అదే ఇసుక, అదే సముద్రం. అక్కడ రాత్రి నిద్రపోయినందుకు ఇంత కట్టడం మన జీతాలకు తగదు. పైగా తిండి దగ్గర్నుంచి మంచినీళ్ళ దాకా అన్నీ ప్రియమే.

లిటిల్ ఇండియా

అన్నం దొరుకుతుంది, ముస్తఫా పక్కనే, టెక్కా మార్కెట్ పక్కనే, ఎంఆర్‌టీ ఉంది. ఊళ్ళో తిరగాల్సిన రోజులకి ఇది సరైన చోటే. కాదనను. కాకపోతే చవక హోటళ్ళలో గదులు చాలా చిన్నవి. కొన్నింటికి కిటికీ కూడా ఉండదు. పిల్లలు మంచం దిగితే గోడ. అలాంటి గదిలో మధ్యాహ్నం కాసేపు కూర్చోవాలన్నా కుదరదు. అందుకని బయటికి పోతాం. బయటికి పోతే చూడాల్సినవాటికి చాలావరకు తలకో టికెట్. నలుగురు మనుషులకి రోజుకి రెండు టికెట్లు చొప్పున వేసుకోండి. గది అద్దెలో మిగిల్చుకున్నది అక్కడ పోతుంది.

మరేం చెయ్యాలి?

ఉన్న రోజుల్ని రెండు ముక్కలు చెయ్యండి అంటాను నేను. మీరు పనికి వెళ్ళే రోజులు లిటిల్ ఇండియా చుట్టుపక్కల ఉంచండి. వాళ్ళంతట వాళ్ళు తినగలరు, నడవగలరు, తెలుగో తమిళమో వినిపిస్తుంది. మీరు లీవు పెట్టిన మూడు రోజులకి మాత్రం తూర్పు తీరానికి మార్చండి. పాసిర్ రిస్, చాంగి, ఈస్ట్ కోస్ట్, ఈ మూడింట్లో ఏదైనా సరే.

పాసిర్ రిస్ అంటే ఈస్ట్ వెస్ట్ లైన్‌లో తూర్పు చివరి స్టేషన్. అక్కడి డౌన్‌టౌన్ ఈస్ట్ 1988లో ఇక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ఎన్‌టీయూసీ కార్మికుల కుటుంబాల కోసం కట్టించిన విడిది. ఇప్పుడు అందులో ఉన్న రిసార్టు పేరు డి-రిసార్ట్. నలుగురు పట్టే ఫ్యామిలీ గదులు ఉన్నాయి, కొన్నింటికి బయట బార్బెక్యూ పొయ్యి కూడా ఉంటుంది. అక్కణ్ణుంచి పాసిర్ రిస్ పార్కు, బీచ్ నడిచిపోయే దూరం. యూనియన్ సభ్యులకు అద్దెలో తగ్గింపు ఉంటుంది. నిర్మాణ కార్మికులకి బాటు అనే యూనియన్ ఉంది, అందులో వలస కార్మికులు కూడా చేరవచ్చు. మీరు సభ్యులైతే ఆ కార్డు బయటికి తియ్యండి. కార్డు జేబులో పెట్టుకుని పూర్తి ధర కట్టేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

చాంగి బీచ్ పార్కు ఇక్కడి పాత తీరపు పార్కుల్లో ఒకటి. తానా మేరా స్టేషన్ దగ్గర 2 నంబరు బస్సెక్కితే చాంగి విలేజ్ దాకా తీసుకుపోతుంది. అక్కడ హాకర్ సెంటర్ ఉంది, పులావ్ ఉబిన్ దీవికి పోయే బంబోట్ల రేవు ఉంది. పడవకి పన్నెండుమంది నిండాక బయల్దేరుతుంది. పిల్లలకి దీవి, పడవ, సైకిలు, విమానాలు దిగడం చూడటం అన్నీ ఒక్కచోటే. ఈస్ట్ కోస్ట్ పార్కు సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. 1960ల్లో మొదలైన పూడిక పని అది, మన వృత్తివాళ్ళం గర్వంగా చూపించుకోవచ్చు. సుమారు 15 కిలోమీటర్ల తీరం. 2024 జూన్‌లో థామ్సన్-ఈస్ట్ కోస్ట్ లైన్‌లో మెరీన్ పరేడ్ స్టేషన్ తెరిచాక రాకపోకలు సులువయ్యాయి. కాటోంగ్ వైపు మధ్యరకం హోటళ్ళు ఉన్నాయి, హైవే కింద సొరంగ దారిలోంచి బీచ్‌కి నడవొచ్చు.

ఇందులో కిటుకు ఒక్కటే. బీచ్‌కి టికెట్ లేదు. గది నడిచే దూరంలో ఉంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోవచ్చు. మధ్యలో ఎండ మండుతుంటే గదికి వచ్చి పడుకోవచ్చు. పెద్దవాళ్ళు అలసిపోరు, పసిపిల్లలు ఏడవరు. బాల్కనీలోంచి సముద్రం కనపడాలని అదనంగా కట్టక్కర్లేదు, కాళ్ళకి అందితే చాలు.

మాది ఉద్దానం, సోంపేట పక్క. కిందటి మే నెలలో మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు వస్తే పాసిర్ రిస్‌లో మూడు రాత్రులు ఉన్నాం. మా అమ్మ బీచ్‌లో చెట్టుకింద కూర్చుని "ఇదేటి సముద్రం రా, చప్పుడే లేదు" అంది. బారువ కెరటాలు విన్న మనిషికి జోహోర్ జలసంధి చెరువులా కనపడటం సహజమే. పిల్లలు మాత్రం ఆ చప్పుడు లేని నీళ్ళలోనే పొద్దుగూకేదాకా ఉన్నారు, నన్నూ బయటికి రానివ్వలేదు. సముద్రం వాళ్ళకి కొత్త కాదు. రోజంతా నాన్న పక్కనుండటమే కొత్త. ఇది నా ఒక్కడి ఇంటి సంగతి అనుకోను.

రోజుల లెక్క, డాలర్ల లెక్క

మనకి ఆదివారం ఎలాగూ సెలవే. శుక్ర, శనివారాలు, పండుగ ముందు రోజులు విడిదుల రేట్లు ఎక్కువ. అందుకని ఆదివారం దిగి బుధవారం ఖాళీ చెయ్యండి. ఆది, సోమ, మంగళ మూడు రాత్రులూ మామూలు రేటులో పోతాయి, లీవు మూడు రోజులే ఖర్చవుతుంది. ఇక్కడి బళ్ళకి జూన్ మొత్తం సెలవులు కనుక మే చివరి వారం నుంచి గదులు దొరకవు. మన పిల్లలకి మే అంతా సెలవులే కదా, మే మొదటి మూడు వారాల్లో రప్పించుకోండి. వేసాక్ పండుగ ఎప్పుడొచ్చిందో మాత్రం క్యాలెండర్ చూసుకోండి.

ఇక ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయా చూడండి. ఉంటే 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్‌టీ కలుస్తాయి. ఈ 9 శాతం 2024 జనవరి నుంచి. ఉదాహరణకి గది 150 డాలర్లు అన్నారనుకుందాం. సర్వీస్ చార్జీతో 165, జీఎస్‌టీతో 179.85. రాత్రికి దాదాపు 30 డాలర్ల తేడా. ఐదు రాత్రులకి ఇంచుమించు ఒక రాత్రి అద్దె ఎగిరిపోయింది. అందుకే రెండు చోట్ల ధరలు పోల్చేటప్పుడు "మొత్తం చేతిలోంచి ఎంత పోతుంది" అనే అడగాలి.

డబ్బు కట్టేముందు ఇంకో నాలుగు అడగండి. గదిలో ఎంతమందిని అనుమతిస్తారు, పిల్లలు ఆ లెక్కలోకి వస్తారా? వంట చేసుకోనిస్తారా, కనీసం ఫ్రిజ్, నీళ్ళు కాచుకునే కెటిల్ ఉన్నాయా? మధ్యాహ్నం మూడుకి ముందు వస్తే సామాను పెట్టుకోనిస్తారా? వీసా రాకపోతే డబ్బు తిరిగిస్తారా? చివరి ప్రశ్న మనకి అన్నిటికన్నా ముఖ్యం. వీసా చేతికి రాకముందే వెనక్కివ్వని బుకింగ్ చేసేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. ఇంకొకటి, మొదటి రాత్రులకన్నా చివరి రాత్రులు తూర్పున పెట్టుకోవడం మేలు. చాంగి విమానాశ్రయం అక్కణ్ణుంచి దగ్గర, టాక్సీ ఖర్చు తగ్గుతుంది.

పక్క దేశం చవకేనా?

బింతాన్ పోతే సగానికి వస్తుంది, దెసారు పోతే ఇంకా తక్కువ అనేవాళ్ళున్నారు. గది వరకు నిజమే కావచ్చు. బింతాన్ తూర్పు ఒడ్డున త్రికోరా వైపు సాదా విడిదులు ఉన్నాయి. కానీ నలుగురికి ఫెర్రీ టికెట్లు, ఇండోనేషియా వీసా ఫీజు కలిపి చూడండి. మలేషియా 2023 డిసెంబర్ నుంచి భారతీయుల్ని వీసా లేకుండా రానిస్తోంది, ఆ సడలింపు గడువు పెట్టి పొడిగిస్తున్నదే కనుక బయల్దేరేముందు చూసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఇంటివాళ్ళ సింగపూర్ వీసా ఎన్నిసార్లు రావడానికి ఇచ్చారో చదవండి. ఒక్కసారికే అయితే సరిహద్దు దాటాక మళ్ళీ ఇటు రాలేరు. తిరుగు టికెట్ ఇక్కణ్ణుంచే ఉంటుంది. పిల్లలతో ఆ గొడవ ఎందుకు?

మన సంఘాలు చెయ్యగలిగింది

సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది. ఉగాది చేస్తారు, ఇంకా ఎన్నో కార్యక్రమాలు చేస్తారు, సంతోషం. దాంతోపాటు ఒక చిన్న పని చేస్తే బాగుంటుంది. మే నెలలో ఆదివారం నుంచి బుధవారం వరకు పది గదులు ఒకేసారి మాట్లాడి, కార్మిక కుటుంబాలకి అసలు ధరకే ఇప్పించడం. ఒక్కడు అడిగితే తగ్గని రేటు పది కుటుంబాల పేరు చెప్పి అడిగితే తగ్గవచ్చు. పది కుటుంబాల ఆడవాళ్ళు, పిల్లలు ఒక్కచోట ఉంటే మనం పనికి పోయిన రోజున కూడా వాళ్ళకి తోడుంటుంది. దానం అడగడం లేదు. డబ్బు మేమే కడతాం, మాట సాయం చాలు.

వర్క్ పర్మిట్ జీతంతో ఇదంతా కుదరదనే తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఒక మాట. అప్పు చేసి సింగపూర్ చూపించక్కర్లేదు. లీవులో ఇంటికి పోయినప్పుడు చుట్టాలిళ్ళు, బ్యాంకు పనులు, పొలం గొడవల్లోనే సెలవంతా కరిగిపోతుంది కదా, అందులోంచి రెండు రాత్రులు పక్కన పెట్టండి. బాపట్ల స్టేషన్‌లో దిగితే సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ బీచ్ ఒడ్డునే ఉంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళ పిల్లల్లో సముద్రమే చూడనివాళ్ళు ఎందరో. వాళ్ళకి మొదటిసారి సముద్రం చూపించేది నాన్నే అయితే అంతకన్నా ఏం కావాలి?

గది తీసుకునేముందు ఎవరు ఎంత కట్టారని కాకుండా, మనవాళ్ళతో మనకి ఎన్ని గంటలు దొరుకుతాయని లెక్కేసుకుందాం. మే నెల గదుల కోసం మార్చిలోనే ఫోన్ చెయ్యండి.