మైలేజి లెక్క

పుదుచ్చేరి పట్టణపు వాయవ్య దిక్కున ఉన్న పేట గోరిమేడు. జిప్మర్ ఆసుపత్రి ఉన్న చోటు గనుక ఆ పేరు ఎరిగిన తెలుగువారు లేకపోలేదు. అక్కడ తిండివనం రోడ్డు మీద సరిహద్దు దాటితే తమిళనాడు. భాష మారదు, నేల మారదు. పెట్రోలు ధర మాత్రం మారుతుంది. 2017 జూలైలో జి.ఎస్.టి. అమలులోకి వచ్చినా పెట్రోలు, డీజిలు దాని పరిధిలో చేరలేదు. అమ్మకపు పన్ను ఏ ప్రభుత్వానిది ఆ ప్రభుత్వానిదే. పుదుచ్చేరిలో అది తక్కువ. అదే కేంద్రపాలిత ప్రాంతంలోని మన యానాంలోనూ ఇదే పరిస్థితి. ఆంధ్రప్రదేశ్‌లో పన్ను మరీ ఎక్కువ గనుక అక్కడ తేడా ఇంకా పెద్దది. పొరుగూళ్ళ బండ్లు యానాం బంకులకు దారితీయడంలో ఆశ్చర్యమేమున్నది?

అయితే ఈ లాభాన్ని ఒకసారి లెక్క కట్టి చూద్దాం. లీటరుకు యాభై కిలోమీటర్లు నడిచే స్కూటరు మీద ఒకరు పది కిలోమీటర్లు పోయి ఐదు లీటర్లు పోయించుకున్నారనుకోండి. తేడా లీటరుకు పది రూపాయలైతే మిగిలేది యాభై. రానూ పోనూ కాలేది 400 మిల్లీలీటర్లు. లీటరు నూరు రూపాయల చొప్పున నలభై రూపాయలు. జేబుకు దక్కినది పది రూపాయలు. తేడా ఐదు రూపాయలే అయితే ఎదురు నష్టం. ముడి చమురులో నూటికి 85 పాళ్ళకు పైగా దిగుమతి చేసుకునే దేశానికి మాత్రం రెండు విధాలా నష్టమే.

ధర సంగతి అందరికీ తెలుసు; వాడకం సంగతి తెలిసినవారు కొద్దిమంది. 1973 చమురు సంక్షోభం దరిమిలా అమెరికా 1975లో కార్ల సగటు ఇంధన ప్రమాణాలను చట్టంగా తెచ్చింది. మన దేశంలో అటువంటి నిబంధనలు 2017 ఏప్రిల్ నుండి అమలయ్యాయి. తయారీదారు అమ్మే కార్లన్నిటి సగటును తీసుకొని, 2022–23 నుండి నూరు కిలోమీటర్లకు సుమారు 4.77 లీటర్లను గీటుగా పెట్టారు.

ఇక్కడ ఒక మాటను గమనించాలి. మైళ్ళను విడిచి ఎంతో కాలమైనా ‘మైలేజి’ని మనం విడువలేదు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని మనం అడుగుతాం. నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని నిబంధన అడుగుతుంది. రెండూ ఒకటే గదా అనిపించవచ్చు. కాని మోటారు సైకిలు నలభై నుండి యాభైకి పెరిగితే నూరు కిలోమీటర్లకు మిగిలేది అర లీటరు. లారీ నాలుగు నుండి ఐదుకు పెరిగితే మిగిలేది ఐదు లీటర్లు! పది కిలోమీటర్ల పెంపు ఘనంగా కనిపిస్తుంది, ఒక్క కిలోమీటరు పెంపు అల్పంగా కనిపిస్తుంది; నిజం అందుకు విరుద్ధం.

కనుక ప్రభుత్వ ధనం ముందుగా ఎక్కడికి పోవాలన్నది ఊహకు విడిచే ప్రశ్న కాదు. నూరు కిలోమీటర్లకు పాతిక లీటర్లు తాగే పాత బస్సు, లారీ ముందు వరుసలో నిలవాలి. పౌరుని వంతు మాటకు వస్తే, టైర్లలో సరిపడా గాలి, వేళకు ఇంజను మరమ్మతు, అవసరం లేని ప్రయాణం మానడం—వీటికి ఏ సరిహద్దూ దాటనక్కరలేదు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ పెట్రోలు ఏ బంకులో, ఏ ధరకు కొన్నదో గాలికి పట్టదు.