పాలు కక్కే పాపాయి

పాలు తాగిన పది నిమిషాలకే పాపాయి భుజం మీద కక్కేస్తే కొత్త తల్లి గాభరా పడుతుంది. పురిటి సాయానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ "పసిపిల్లలన్నాక కక్కరుటే?" అని తేలిగ్గా తీసిపారేస్తుంది. చాలామంది పిల్లల విషయంలో అమ్మమ్మ మాటే నిజం.

అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట ఒక కండరం తలుపులా పనిచేస్తుంది. పసివాళ్ళలో అది తరచు వదులవుతూ ఉంటుంది. పైగా వాళ్ళ ఆహారమంతా పాలే, రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటారు. అందుకే తాగినవి పైకి వస్తాయి. దీన్నే రిఫ్లక్స్ అంటాం. నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, ఏడాది, ఏడాదిన్నరకల్లా చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. బిడ్డ హుషారుగా ఉండి బరువు పెరుగుతుంటే మందులు అక్కరలేదు.

పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టండి. మధ్యమధ్య త్రేన్పు తెప్పించండి. తాగాక 20-30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. పాలు చిక్కబరచడం డాక్టరు చెబితేనే చేయండి. ఏడాది నిండేదాకా తేనె నాకించకండి. ఇండియా నుంచి తెచ్చిన మందులేవీ డాక్టరుకి చూపించకుండా వేయకండి.

ఒక్క విషయంలో మాత్రం అమ్మమ్మకి నచ్చజెప్పాలి. కక్కే బిడ్డని బోర్లా పడుకోబెట్టకూడదు. అలా పడుకోబెడితే నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం పెరుగుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం అన్నవాహికకి పైన ఉంటుంది కనుక పాలు అందులోకి పోవడం తక్కువ. రిఫ్లక్స్ ఉన్నా సరే, చదునైన పడక మీద వెల్లకిలాగానే పడుకోబెట్టమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. తలవైపు ఎత్తుగా ఉండే ఏటవాలు పడకలని అమెరికాలో 2022 చట్టం నిషేధించింది. స్నేహితులిచ్చిన పాతవి ఇంట్లో ఉంటే తీసేయండి.

పెద్దపిల్లల్లో గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, రాత్రిపూట దగ్గు కనిపిస్తాయి. వీకెండ్ పార్టీలో రాత్రి పదింటికి మిర్చి బజ్జీలు, కోక్ లాగించి, కారులోనే నిద్రపోతే మంట రాక ఏమవుతుంది? పడుకునే ముందు రెండు మూడు గంటలు ఏమీ తిననివ్వకండి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి:

- ఆకుపచ్చగా గాని, రక్తంతో గాని వాంతి
- తొలి నెలల్లో పాలు పట్టిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి (జీర్ణాశయం చివర దారి మూసుకుపోతే ఇలా అవుతుంది, ఆపరేషన్ అవసరం)
- బరువు పెరగకపోవడం, పాలు వద్దనడం
- ఊపిరి ఇబ్బంది, జ్వరం, మగత
- ఆరు నెలల తర్వాత కొత్తగా మొదలవడం

ఈ వ్యాసం అవగాహన కోసమే. మీ బిడ్డ సంగతి మీ డాక్టరుకే బాగా తెలుస్తుంది.